ఉపాధ్యాయుడు జాకీర్ హుస్సేన్

హైదరాబాదు నుంచి ఢిల్లీకి రైలులో మీరు ఎప్పుడైనా వెళ్ళారా? మధుర దాటిన తర్వాత వరుసగా పల్వల్, బల్లభ్‌గఢ్, ఫరీదాబాద్ స్టేషన్లు వస్తాయి. ఆ తర్వాత తుగ్లకాబాద్, ఓఖ్లా. అప్పటికి ప్రయాణికులంతా దుప్పట్లు మడిచి, సామాను సర్దుకునే హడావుడిలో ఉంటారు. కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు తక్కువ. కాని ఆ కొద్దిపాటి దూరంలోనే, ఫరీదాబాద్‌కూ ఓఖ్లాకూ మధ్య, మన దేశంలో బడి ఎలా ఉండాలి అనే ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు కాదు, కొన్ని వందల మంది జవాబు వెతికారు. వారిలో ముఖ్యుడు హైదరాబాదులో పుట్టినవాడే. ఆయన పేరు డాక్టర్ జాకీర్ హుస్సేన్.

జాకీర్ హుస్సేన్ అనగానే మీకు ఆయన భారతదేశానికి మూడవ రాష్ట్రపతి అని గుర్తుకు వస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాలలో ఆయన గురించి అంతే ఉంటుంది. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది రాష్ట్రపతి గురించి కాదు. 22 సంవత్సరాలు ఒక పేద విద్యాసంస్థను నడిపి, జీతం సరిగా అందని నెలలలో కూడా చిన్నపిల్లల తరగతి గదుల చుట్టూ తిరిగిన ఒక ఉపాధ్యాయుని గురించి.

ఈ పాఠం మీకోసం ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక తరగతిలో బడి మానేసి ఉంటారు. కొందరు ఇంట్లో గడవక మానేశారు. కొందరికి పెళ్ళి చేశారు. కొందరు బెత్తానికి భయపడి మానేశారు. అలాంటి పిల్లల గురించి మన ఊళ్ళలో పెద్దలు ఒక మాట అంటారు, వాడికి చదువు అబ్బలేదని. బడి వాడికి సరిపడలేదేమో అని అనేవాళ్ళు అరుదు. జాకీర్ హుస్సేన్ జీవితమంతా ఈ రెండో అనుమానంతోనే గడిపారు.

బాల్యం, చదువు

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. ఆయన పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌కు చెందిన పఠాన్లు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ హైదరాబాదు వచ్చి న్యాయవాదిగా స్థిరపడి, బాగా సంపాదించారు. న్యాయశాస్త్రానికి సంబంధించిన ఒక పత్రికను కూడా నడిపారు. ఆయనకు ఏడుగురు కొడుకులు. జాకీర్ మూడవవాడు.

1907లో తండ్రి మరణించారు. అప్పటికి జాకీర్ వయస్సు పది. కుటుంబం హైదరాబాదు విడిచి కాయంగంజ్‌కు వెళ్ళిపోయింది. పిల్లవాడిని ఇటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో, వసతిగృహంలో చేర్చారు. 1911లో ప్లేగు వచ్చింది. తల్లి నాజ్నీన్ బేగం ఆ వ్యాధికి బలి అయ్యారు. తల్లీ తండ్రీ లేని పిల్లవాడికి ఆ బడే ఇల్లయింది. అక్కడి ప్రధానోపాధ్యాయుడు అల్తాఫ్ హుస్సేన్ ఆదరణను జాకీర్ జీవితాంతం తలుచుకున్నారు. బడి ఒక పిల్లవాడికి ఆశ్రయం కాగలదని ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు.

తర్వాత అలీగఢ్‌లోని మహమ్మదీయ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. డాక్టరు కావాలనే కోరికతో మధ్యలో లక్నో వెళ్ళి విజ్ఞానశాస్త్రం చదవడం మొదలుపెట్టారు గాని, అనారోగ్యం వల్ల అది సాగలేదు. తిరిగి అలీగఢ్ వచ్చి పట్టభద్రులయ్యారు. ఎం.ఏ. చదువుతూ అక్కడే చిన్న అధ్యాపక ఉద్యోగం కూడా చేశారు. మంచి వక్త. తెలివైన విద్యార్థి. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం దొరకడం కష్టమేమీ కాదు.

1920లో సహాయ నిరాకరణోద్యమం వచ్చింది. ప్రభుత్వ సహాయం తీసుకునే కళాశాలలను విడిచిపెట్టమని గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి విద్యార్థులను కోరారు. అప్పుడు జాకీర్ హుస్సేన్ అడిగిన ప్రశ్న చాలా సాధారణమైనది. కళాశాల విడిచిపెట్టిన విద్యార్థి ఎక్కడికి వెళ్ళాలి? చదువు మానేయడం వేరు, చెడ్డ చదువు మాని మంచి చదువు చదవడం వేరు. కొత్త సంస్థ ఒకటి పెడితే తాను అందులో చేరతానన్నారు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. జాకీర్ హుస్సేన్ ఉద్యోగం, ఎం.ఏ. చదువు రెండూ వదులుకొని అందులో చేరారు.

బెర్లిన్ నుంచి తిరిగి రాక

1922లో ఆయన పై చదువులకు జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ సోంబార్ట్ అనే ప్రసిద్ధ ఆర్థికశాస్త్రవేత్త దగ్గర పరిశోధన చేశారు. పట్టా వచ్చింది ఆర్థికశాస్త్రంలోనే. మనసు మాత్రం బడుల మీదికి పోయింది. మ్యూనిక్ నగరంలో గియోర్గ్ కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త చేసిన ప్రయోగాలు ఆయనను ఆకర్షించాయి. పుస్తకాన్ని వల్లెవేసే బడికి బదులుగా, పిల్లలు చేతులతో పని చేస్తూ, చేసిన పనిని తామే సరిచూసుకుంటూ నేర్చుకునే బడి ఆయనది. చేసిన పెట్టె మూత సరిగా పడకపోతే గురువు తిట్టనక్కరలేదు. మూతే చెబుతుంది.

ఈలోగా ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడటంతో డబ్బు రావడం ఆగిపోయింది. 1925లో సంస్థను అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు మార్చారు. మూసివేద్దామనే మాట కూడా వచ్చింది. ఈ వార్త బెర్లిన్‌కు చేరింది. జాకీర్ హుస్సేన్, అక్కడే చదువుతున్న ఆయన మిత్రులు ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. తాము ముగ్గురూ జీవితాలను జామియాకు ఇస్తామనీ, వచ్చేవరకు మూయవద్దనీ కబురు పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. జాకీర్ హుస్సేన్ జామియా ఉపకులపతి అయ్యారు. వయస్సు 29 సంవత్సరాలు.

ఉపకులపతి అనే మాట విని మీరు పెద్ద భవనం, కారు, నౌకర్లు ఊహించుకోవద్దు. కరోల్ బాగ్‌లో అద్దె ఇళ్ళలో తరగతులు జరిగేవి. సంస్థను ఆదుకుంటూ వచ్చిన హకీం అజ్మల్ ఖాన్ 1927 చివర్లో మరణించారు. ఉపాధ్యాయులకు జీతాలు నెలల తరబడి బాకీపడేవి. 1928లో ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక సంఘంగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు. 20 సంవత్సరాలు జామియాలోనే పనిచేయాలి, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకూడదు. జాకీర్ హుస్సేన్ అంతకన్నా తక్కువే తీసుకున్నారు. జర్మనీలో పట్టా పొందిన ఆర్థికశాస్త్రవేత్తకు బయట అంతకు ఎన్నో రెట్లు ఇచ్చేవారున్నారు. ఇంట్లో భార్య షాజహాన్ బేగం ఆ కొద్దిపాటి డబ్బుతో సంసారం నెట్టుకువచ్చారు. ఇలాంటి జీవితచరిత్రలలో ఆమెవంటి వారికి ఒక వాక్యమే దక్కడం న్యాయం కాదు, కాని మనకు దొరికే వివరాలు తక్కువ.

చిన్నపిల్లల బడి

జామియాలో కళాశాల ఉంది, ఉన్నత పాఠశాల ఉంది. జాకీర్ హుస్సేన్‌కు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రాథమిక పాఠశాల. పునాది వంకరగా ఉంటే పైన ఎంత కట్టినా నిలవదని ఆయన నమ్మకం.

ఆ బడిలో ఏం జరిగేదో చూడండి. ప్రాజెక్టు పద్ధతి అనే దానిని అక్కడి ఉపాధ్యాయులు అమలుచేశారు. పిల్లలకు సొంతంగా ఒక బ్యాంకు ఉండేది. ఒక దుకాణం ఉండేది. వాటిని నడిపేది పిల్లలే. దుకాణంలో సరుకు అమ్మాలంటే తూకం తెలియాలి, చిల్లర లెక్క తెలియాలి, రాత్రికి చిట్టా రాయాలి. బ్యాంకులో దాచుకున్న తోటి పిల్లవాడి డబ్బు లెక్క తప్పితే వాడు ఊరుకోడు. కాబట్టి కూడికలు, తీసివేతలు ఎందుకు నేర్చుకోవాలో ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కరలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇంట్లో కిరాణా కొట్టు ఉన్న పిల్లవాడు, సంతలో అమ్మతోపాటు కూరగాయలు అమ్మే పిల్ల, నోటి లెక్కలు ఎంత వేగంగా చేస్తారో మీరు చూసే ఉంటారు. అదే పిల్ల బడిలో పలక మీద లెక్క ఇస్తే తడబడుతుంది. తప్పు పిల్లలో ఉందా, లెక్కలో ఉందా, లెక్కను ఇచ్చిన తీరులో ఉందా? ముందుకు వెళ్ళే ముందు ఈ ప్రశ్న గురించి కాసేపు ఆలోచించి, మీ నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకోండి.

బెర్లిన్‌లో జాకీర్ హుస్సేన్‌కూ ఆయన మిత్రులకూ పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ కూడా ఈ బడికి వచ్చారు. పసిపిల్లలతో ఆడుతూ పాడుతూ నేర్పడంలో ఆమెకు నేర్పు ఉంది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. అంటే అక్కయ్య అని. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ దేశస్థురాలనే కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను కొంతకాలం నిర్బంధించింది. హిట్లర్ పాలనలో తనవారికి చోటు లేకుండాపోయిన స్త్రీని హిట్లర్ దేశస్థురాలని బంధించడం విచిత్రమే. విడుదలై వచ్చాక కూడా ఆమె జామియాలోనే ఉండి, 1943లో కాన్సర్‌తో మరణించారు.

జాకీర్ హుస్సేన్ గురించి జామియాలో ఒక సంగతి చెప్పుకుంటారు. పిల్లలు బూట్లు శుభ్రం చేసుకోకుండా, టోపీలు మాసిపోయి బడికి వస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒక ఉదయం పిల్లలు గేటు దగ్గరికి వచ్చేసరికి ఉపకులపతిగారు బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకొని కూర్చొని ఉన్నారు. వచ్చినవాడి బూట్లు వచ్చినట్లు తుడవడం మొదలుపెట్టారు. పిల్లలు సిగ్గుతో చితికిపోయారు. మరునాటి నుంచి మాసిన బూట్లు కనిపించలేదట. ఇందులో జరిమానా లేదు, బెత్తం లేదు, ఎండలో నిలబెట్టడం లేదు. కాని ఒక మాట చెప్పాలి. ఈ పద్ధతి ఎవరికిపడితే వారికి పనిచేయదు. పిల్లలు ప్రేమించే మనిషి బూట్లు తుడిస్తేనే వారికి సిగ్గు కలుగుతుంది.

పిల్లల కోసం జామియా పయామె తాలీం అనే ఉర్దూ పత్రికను నడిపింది. అందులో జాకీర్ హుస్సేన్ కథలు రాశారు, అదీ తన పేరుతో కాదు. చిన్న కూతురు రెహానా పేరు కలిపి, రుఖయ్యా రెహానా అనే పేరుతో రాశారు. ఆ కథలలో బాగా పేరు పొందినది అబ్బూ ఖాన్ మేక కథ. అల్మోరాలో అబ్బూ ఖాన్ అనే ముసలాయన మేకలను ప్రేమగా పెంచుతాడు. అవి తాడు తెంపుకొని కొండల్లోకి పోతూ ఉంటాయి. చాందినీ అనే మేక కూడా అలాగే పోతుంది. కొండ మీద తోడేలు ఉందని దానికి తెలుసు. రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారేసరికి చనిపోతుంది. పిల్లలకు చెప్పవలసిన కథేనా అని మీకు అనిపించవచ్చు. పరాయి పాలనలో ఉన్న పిల్లలకు ఆయన చెప్పదలచుకున్న కథ అది.

ఆ రెహానా చాలా చిన్న వయస్సులోనే మరణించింది. ఆ రోజు జాకీర్ హుస్సేన్ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. ఎవరో వచ్చి చెవిలో కబురు చెప్పారు. ఆయన ముఖం పాలిపోయింది. కాని పంచడం ఆపలేదు. అంతా అయ్యాకనే ఇంటికి వెళ్ళారు. ఎందుకు ఆపలేదని తర్వాత అడిగితే, పిల్లలు ఎంతో సంతోషంగా ఉన్నారనీ, దాన్ని పాడుచేయ బుద్ధి కాలేదనీ చెప్పారట. ఇది సరైన పనేనా, తండ్రిగా ఆయన చేసింది బాగుందా అని నేను మాత్రం తేల్చుకోలేకపోయాను. మీరే ఆలోచించండి.

1935 మార్చి 1న ఓఖ్లాలో, యమునానదికి దగ్గరగా, జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి సందర్భాలకు మంత్రినో జమీందారునో పిలవడం రివాజు. ఆనాడు పునాదిరాయి వేసింది అబ్దుల్ అజీజ్ అనే పిల్లవాడు. బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి అతడే.

వార్ధా పథకం

1937లో చాలా రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. మద్యనిషేధం పెడితే ఆబ్కారీ ఆదాయం పోతుంది. ఆదాయం పోతే బడులు ఎలా నడుస్తాయి? ఈ చిక్కుకు గాంధీజీ ఒక మార్గం చెప్పారు. పిల్లలకు ఏడు సంవత్సరాల విద్య ఒక చేతిపని ద్వారా నేర్పాలి, పిల్లలు తయారుచేసిన వస్తువుల మీద వచ్చే డబ్బుతో ఉపాధ్యాయుని జీతం గడవాలి. దీనిపై చర్చకు అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యావేత్తల సమావేశం జరిగింది. గాంధీజీయే అధ్యక్షులు.

ఆ సమావేశంలో తల ఊపినవారు ఎక్కువమంది ఉన్నారు. జాకీర్ హుస్సేన్ లేచి రెండు సంగతులు నిర్మొహమాటంగా చెప్పారు. పని ద్వారా చదువు అనేది కొత్త విషయం కాదనీ, ఇతర దేశాలలో ఇప్పటికే ప్రయత్నించారనీ మొదటిది. రెండవది ఇంకా ముఖ్యమైనది. బడి తన ఖర్చు తాను సంపాదించుకోవాలని పట్టుబడితే ప్రమాదం ఉంది. ఉపాధ్యాయుడు పిల్లల చేత గొడ్డుచాకిరీ చేయించే మేస్త్రీగా మారిపోవచ్చు. అప్పుడు రాట్నం కూడా బెత్తం లాంటిదే అవుతుంది.

గాంధీజీ ఏం చేశారో ఊహించగలరా? పథకం తయారుచేసే సంఘానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. వినోబా భావే, కాకా కాలేల్కర్, జె.సి. కుమారప్ప, కె.జి. సైయ్యదైన్, ఆర్యనాయకం, ఆయన భార్య ఆశాదేవి మొదలైనవారు సభ్యులు. డిసెంబరు 2 నాటికి నివేదిక సిద్ధమైంది. దీనినే వార్ధా విద్యా పథకం, నయీ తాలీం, బేసిక్ విద్య అని పిలుస్తారు. మన ఊళ్ళలో వెనుకటి తరం ఉపాధ్యాయులు బేసిక్ ట్రైనింగు అయ్యామని చెప్పుకునేవారు. ఆ మాటకు మూలం ఇక్కడ ఉంది.

పథకంలో ముఖ్యమైన విషయాలు ఇవి. 7 నుంచి 14 సంవత్సరాల వరకు ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ ఉచిత నిర్బంధ విద్య. బోధన మాతృభాషలో. మధ్యలో ఒక చేతిపని, దాని చుట్టూ మిగతా పాఠాలు. రోజుకు బడి సమయం 5 గంటల 30 నిమిషాలు. అందులో చేతిపనికే 3 గంటల 20 నిమిషాలు. సగానికి పైగా సమయం అన్నమాట. ఇది చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు. ఇంత సేపు నూలు వడికితే పిల్లవాడు చదివేదెప్పుడు?

జవాబు ఆ పని చేయించే తీరులో ఉంది. నూలు వడకడమే ఉదాహరణగా తీసుకుందాం. పిల్లలు దూది ఏకుతారు, తకిలీ మీద నూలు తీస్తారు. ఎంత దూది ఇచ్చాం, ఎంత నూలు వచ్చింది, ఎంత వృథా అయింది? ఇది తూకం, తీసివేత, శాతం. పత్తి నల్లరేగడిలో ఎందుకు బాగా పండుతుంది? ఇది భూగోళం. గింజ చుట్టూ దూది ఎందుకు ఉంటుంది? ఇది వృక్షశాస్త్రం. మన పత్తి ఇంగ్లండుకు పోయి బట్టగా తిరిగి వచ్చినప్పుడు చీరాలలోనో పోచంపల్లిలోనో ఉన్న నేతగాని గతి ఏమైంది? ఇది చరిత్ర. ఈ రోజు చేసిన పని రాయమంటే, అది తెలుగు వ్యాసం. ఒక్క తకిలీ నుంచి ఇన్ని పాఠాలు వస్తాయి. కాని వాటిని బయటికి లాగగల ఉపాధ్యాయుడు ఉండాలి. లేకపోతే తకిలీ తకిలీగానే ఉండిపోతుంది. జాకీర్ హుస్సేన్ భయం అదే. అందుకే అమ్మకం ద్వారా డబ్బు వచ్చినా రాకపోయినా, ఈ చదువు చదువుగానే మంచిదని నివేదికలో చేర్చారు.

1938 ఫిబ్రవరిలో హరిపురా కాంగ్రెసు ఈ పథకాన్ని ఆమోదించింది. దానిని అమలుపరచడానికి సేవాగ్రామ్‌లో హిందుస్తానీ తాలీమీ సంఘం ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు జాకీర్ హుస్సేన్, కార్యదర్శి ఆర్యనాయకం. పథకాన్ని విమర్శించినవారూ ఉన్నారు. మతబోధన లేదని కొందరు, గాంధీ పేరుతో తమ పిల్లలకు వేరే భావాలు నూరిపోస్తారని ముస్లింలీగువారు, పేదవాడి పిల్లవాడిని మళ్ళీ పనివాడినే చేస్తారని మరికొందరు అన్నారు. చివరి విమర్శను తేలికగా తీసివేయలేము. తరతరాలుగా ఒక కులానికి చేతిపని, మరొక కులానికి చదువు అని పంచిన దేశంలో, చదువు కోసం మొదటిసారి బడికి వచ్చిన పిల్లవాడి చేతికి మళ్ళీ పనిముట్టు ఇస్తే వాడి తండ్రికి అనుమానం కలగదా? అన్ని కులాల పిల్లలూ, కలెక్టరు కొడుకుతో సహా, ఒకే బడిలో ఒకే పని చేస్తేనే ఈ పథకానికి అర్థం. అలా జరగలేదు.

1947, ఫరీదాబాద్

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాలతో అట్టుడికిపోతున్న రోజులు. ఆ వేదిక మీద నెహ్రూ, ఆజాద్, రాజాజీ ఒకవైపు, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ మరొకవైపు కూర్చున్నారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఆనాడు ఎవరికీ సాధ్యం కాని పని. ఈ ద్వేషం ఇలాగే మండుతూ ఉంటే పిల్లలను మనుషులుగా పెంచడం తమవంటి ఉపాధ్యాయుల వల్ల కాదనీ, మంటలు ఆర్పమనీ జాకీర్ హుస్సేన్ ఆ పెద్దలందరినీ వేడుకున్నారు. మంటలు ఆరలేదు.

1947 ఆగస్టులో కాశ్మీరు వెళ్తూ ఆయన జలంధర్ స్టేషనులో అల్లరిమూక చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి గుర్తుపట్టి అడ్డుపడకపోతే ప్రాణం దక్కేది కాదు. కరోల్ బాగ్‌లోని జామియా ఆస్తులు, పుస్తకాలు దోపిడీకీ మంటలకూ బలి అయ్యాయి. ఆయన తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాను వెళ్ళిపోయి, తర్వాత అక్కడ విద్యామంత్రి అయ్యారు. మరొక తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. జాకీర్ హుస్సేన్ ఓఖ్లాలోనే ఉండిపోయారు.

అటు నుంచి ఇటు వచ్చినవారి కథ ఫరీదాబాద్‌లో ఉంది. వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్ వంటి చోట్ల నుంచి సర్వం పోగొట్టుకొని వచ్చిన వేలాది హిందూ, సిక్కు కుటుంబాలను కురుక్షేత్ర శిబిరంలో ఉంచారు. వారికోసం 1949లో ఓఖ్లాకు దక్షిణంగా, అదే రైలుమార్గం మీద, పాత ఫరీదాబాద్ ఊరి పక్కన కొత్త పట్టణం కట్టడం మొదలైంది. అప్పట్లో అది తూర్పు పంజాబులో ఉండేది. నిర్మాణ మండలికి రాజేంద్రప్రసాద్ అధ్యక్షులు. కమలాదేవి చట్టోపాధ్యాయ నాయకత్వంలోని ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ సహాయంతో కాందిశీకులు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. కాంట్రాక్టర్ల మీద ఆధారపడకుండా, తమ ఇళ్ళు తామే కట్టుకున్నారు. అంతవరకు దుకాణదారులుగా బతికినవారు ఇటుకలు మోశారు.

ఆ పట్టణంలో పిల్లల చదువును హిందుస్తానీ తాలీమీ సంఘానికి చెందిన ఆర్యనాయకం, ఆశాదేవి దంపతులు చూశారు. జాకీర్ హుస్సేన్ నివేదికలో రాసిన నయీ తాలీం ఇక్కడ ఒక పూర్తి పట్టణానికి బడి అయింది. ఇంతకన్నా తగిన చోటు దొరకదు. ఊరు కళ్ళముందే లేస్తోంది. అమ్మానాన్నలు పని చేస్తున్నారు. ఇల్లు తగలబడటం చూసిన పిల్లలకు ఎక్కాలకన్నా ముందు చేతులకు పని, పక్కన తోడు కావాలి.

అయినా అది ఎక్కువ కాలం నిలవలేదు. పట్టణం క్రమంగా ప్రభుత్వ శాఖల చేతుల్లోకి వెళ్ళింది. సహకార సంఘాలతోపాటు ఈ కొత్త బడి కూడా వెనక్కి పోయి, మామూలు బడులు, మామూలు పరీక్షలు వచ్చాయి. ఇందులో ఎవరిని తప్పుపట్టాలి? దేశమంతటా ఇదే జరిగింది. బేసిక్ బడిలో చదివినవాడికి ఉద్యోగం ఇచ్చేది మెట్రిక్ సర్టిఫికెట్ అడిగే కార్యాలయమే. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న తండ్రి కొడుక్కి ఇవ్వగల ఆస్తి ఆ సర్టిఫికెట్ ఒక్కటే. దానిని కోరుకోవడం అత్యాశ కాదు. మీరు కూడా ఈ పుస్తకాన్ని సర్టిఫికెట్ కోసమే చదువుతూ ఉండవచ్చు. ఇల్లు చక్కబెట్టుకొని, పనికి వెళ్ళి వచ్చి, రాత్రి దీపం ముందు కూర్చునే మీకు అది ఎంత అవసరమో ఈ పాఠం రాసేవారికీ తెలుసు. బడి మారాలంటే బడి ఒక్కటే మారితే చాలదు, బడి బయట ఉన్న కార్యాలయం కూడా మారాలి. వార్ధా నివేదికలో ఆ రెండో భాగం లేదు.

చివరి సంవత్సరాలు

1948లో జాకీర్ హుస్సేన్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్ళారు. దేశవిభజన తర్వాత దిక్కుతోచక ఉన్న ఆ సంస్థను 1956 వరకు నిలబెట్టారు. 1957 నుంచి 1962 వరకు బీహారు గవర్నరు, తర్వాత ఉపరాష్ట్రపతి, 1967 మే 13 నుంచి రాష్ట్రపతి. 1963లో భారతరత్న వచ్చింది. ఈ వివరాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. రాష్ట్రపతి భవనంలో ఆయన గులాబీలు పెంచారు. రకరకాల రాళ్ళు, శిలాజాలు సేకరించారు.

బేసిక్ విద్య గురించి మాత్రం ఆయన సంతోషంగా లేరు. ప్రభుత్వాలు బడి బోర్డు మీద బేసిక్ అనే మాట రాసి, మూలన నాలుగు తకిలీలు పడవేసి, లోపల పాత చదువే సాగించాయి. ఉపాధ్యాయునికి శిక్షణ లేదు, దూది సకాలంలో రాదు, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మాత్రం అందరూ వడుకుతారు. పేరు నిలిచి ప్రాణం పోయిన ఈ పద్ధతిని ఆయన బహిరంగంగానే తీవ్రంగా విమర్శించారు. అధ్యక్షునిగా తన పేరుతో ఉన్న నివేదిక కదా అని వెనుకాడలేదు.

1969 మే 3న ఢిల్లీలో, పదవిలో ఉండగానే, ఆయన హఠాత్తుగా మరణించారు. ఓఖ్లాలో జామియా ఆవరణలోనే, బడికీ మసీదుకూ దగ్గరగా ఆయనను ఖననం చేశారు. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ సమాధి కూడా జామియా శ్మశానవాటికలోనే ఉంది. అబ్దుల్ అజీజ్ అనే పిల్లవాడు రాయి వేసిన చోట మొదలైన జామియా 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. దాని ఆవరణలో బడి నేటికీ నడుస్తోంది.